కుటుంబానికి బట్టలు కొనేటప్పుడు: ఏ ముద్ర ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

ఒక చొక్కా ధర 299 రూపాయలు. ఆ 299లోనే పత్తి పండించిన రైతు, జిన్నింగ్ మిల్లు, నూలు మిల్లు, నేత, అద్దకం, కుట్టిన కార్మికురాలు, రవాణా, దుకాణం అద్దె, ప్రకటనలు, పన్ను అన్నీ సర్దుకోవాలి. ఎక్కడో ఒకచోట ఎవరికో తక్కువ ఇస్తే తప్ప ఆ లెక్క కుదరదు.

అలాగని ఖరీదైన చొక్కా అంతా న్యాయంగా తయారైందని కూడా అనుకోలేం. 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపంలోని సావర్‌లో రాణా ప్లాజా కూలింది. ఎనిమిది అంతస్తుల ఆ భవనంలో బట్టలు కుడుతున్నవారిలో 1,134 మంది చనిపోయారు. గోడలకు పగుళ్లు అంతకు ముందు రోజే కనిపించాయి. అయినా కార్మికులను పనిలోకి రప్పించారు. వారు కుట్టిన దుస్తులు పశ్చిమ దేశాల పేరున్న బ్రాండ్లవి. అంతకు ఏడు నెలల ముందు, 2012 సెప్టెంబరులో, కరాచీలో ఒక దుస్తుల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా మరణించారు. పని ప్రదేశం సవ్యంగా ఉందని ఆ ఫ్యాక్టరీకి ప్రమాదానికి కొద్ది వారాల ముందే అంతర్జాతీయ ధ్రువపత్రం వచ్చింది.

బట్టలు ఎంచుకోవడంలో అసలు చిక్కు ఇదే. ధర పూర్తి సంగతి చెప్పదు. ముద్ర కూడా పూర్తి సంగతి చెప్పదు. ఒక్కో ముద్ర ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది. ఏది దేనికి జవాబో తెలిస్తే, మామూలు ఆదాయంతో సాదాగా బతికే కుటుంబం కూడా మోసపోకుండా, ఎవరికీ అన్యాయం జరగకుండా వీలైనంత మేరకు ఎంచుకోగలదు.

పొలం నుంచి నది దాకా: ఎవరు మూల్యం చెల్లిస్తున్నారు?

పత్తి సహజమైనదే. కానీ దాన్ని పండించే తీరులో ఇబ్బందులు ఉన్నాయి. దేశంలో పత్తి సాగులో 90 శాతానికి పైగా బీటీ రకాలే. విత్తనం, ఎరువు, పురుగు మందు ఖర్చులన్నీ రైతువే. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలల్లో మందు కొడుతూ విషప్రభావానికి గురై 20 మంది దాకా చనిపోయారు. పొరుగునే ఉన్న ఆదిలాబాద్‌లోనూ, వరంగల్‌లోనూ పత్తి ప్రధాన పంట. తెలంగాణ రైతుకు ఈ కథ దూరపుది కాదు.

తర్వాత వచ్చేది అద్దకం. తమిళనాడులోని తిరుప్పూర్ దేశానికి బనియన్లు, టీషర్టులు అందించే ఊరు. అక్కడి అద్దకం యూనిట్లు వదిలిన ఉప్పు నీళ్లు, రంగు నీళ్లు నొయ్యల్ నదిని పాడుచేశాయి. సాగు కోసం కట్టిన ఒరతుపాళయం జలాశయం నీరు రైతులకు పనికిరాకుండా పోయింది. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం, బ్లీచింగ్ యూనిట్లను మూసేయమంది. ఒక్క చుక్క వ్యర్థజలం కూడా బయటికి వదలబోమని నిరూపించుకున్నాకే తెరవాలని షరతు పెట్టింది. శుద్ధి ఖర్చు ఉత్పత్తి ఖర్చులో కలిసింది. ఇంతకాలం ఆ ఖర్చును నది, దాని కింద సాగుచేసుకునే రైతు భరించారని అర్థం.

పాలిస్టర్‌కు పొలం, పురుగు మందు అక్కర్లేదు. చవక, గట్టిది, త్వరగా ఆరుతుంది. ప్రపంచంలో తయారయ్యే నూలు పోగుల్లో సగానికి పైగా ఇప్పుడు అదే. కానీ అది పెట్రోలియం నుంచి వచ్చే ప్లాస్టిక్. ఉతికిన ప్రతిసారీ కంటికి కనిపించని పోగులు రాలి నీళ్లలో కలుస్తాయి. పారేశాక మట్టిలో కలవదు.

‘వెదురు బట్ట’ పేరుతో అమ్ముతున్నవాటిలో ఎక్కువ భాగం విస్కోస్, అంటే రేయాన్. వెదురు గుజ్జును రసాయనాల్లో కరిగించి పోగుగా తీస్తారు. ఆ ప్రక్రియలో వాడే కార్బన్ డైసల్ఫైడ్ కార్మికుల నాడీ వ్యవస్థకు హాని చేస్తుంది. మొక్క నుంచి వచ్చిందన్న ఒక్క మాటతో ఏ బట్టనూ మంచిదని నిర్ణయించలేం.

ముందు బీరువా తెరవండి

కొత్తగా ఏది కొన్నా, ఎంత మంచిది కొన్నా, దానికి కొంత నీరు, కొంత రంగు, కొంత విద్యుత్తు ఖర్చవుతాయి. అందుకే అన్నింటికన్నా న్యాయమైన బట్ట ఇప్పటికే ఇంట్లో ఉన్నదే. పాలిస్టర్ దుస్తులున్నాయని వాటిని పారేసి ఖాదీ కొనడం వల్ల ప్రయోజనం లేదు. చిరిగేదాకా తొడుక్కోవడమే మేలు.

ధరను ‘ఒక్కసారి తొడుక్కుంటే ఎంత’ అనే లెక్కలో చూస్తే ఆలోచన మారుతుంది. ఉదాహరణకు 300 రూపాయల కుర్తా రంగు వెలిసి పదిసార్లకే మూలన పడితే, ఒక్కోసారికి 30 రూపాయలు పడినట్టు. 900 రూపాయల నూలు కుర్తా 90 సార్లు తొడుక్కుంటే ఒక్కోసారికి పది రూపాయలే. అదే 900 రూపాయల కుర్తా బీరువాలోనే ఉండిపోతే లెక్క తిరగబడుతుంది. కొనే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: దీన్ని కనీసం యాభై సార్లు తొడుక్కుంటామా?

మన ఇళ్లలో తొడుక్కోని బట్టలు పేరుకునే చోటు ఒకటుంది. అవి పెట్టుబడి చీరలు. పెళ్లికి, గృహప్రవేశానికి, ఒడిబియ్యానికి డజన్ల కొద్దీ చవక సింథటిక్ చీరలు కొంటారు. పుచ్చుకున్నవారు కట్టుకోరు, ఇంకో శుభకార్యంలో ఇంకొకరికి పెడతారు. ఆ చీర చేతులు మారుతూనే ఉంటుంది. ఒంటి మీదికి మాత్రం రాదు. అంతే ఖర్చుతో చేనేత తువ్వాలో, దుప్పటో, మంచి రవికె గుడ్డో పెడితే వాడుకుంటారు. పెట్టే సంఖ్య తగ్గినా మర్యాద తగ్గదు. కానీ ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లతో ముందే మాట్లాడి ఒప్పించుకోవాలి. పెళ్లి వారం రోజుల్లో ఉందనగా తేలే విషయం కాదు.

ఏ ముద్ర దేనికి జవాబు?

హ్యాండ్లూమ్ మార్క్: బట్ట చేతిమగ్గం మీద నేసిందని చెబుతుంది. 2006 నుంచి ఉంది. నేసినవారికి ఎంత కూలి దక్కిందో చెప్పదు. రంగులు ఏవో చెప్పదు.

ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండ్: 2015 ఆగస్టు 7న, తొలి జాతీయ చేనేత దినోత్సవం రోజున ప్రారంభమైంది. 1905లో అదే తేదీన కలకత్తాలో స్వదేశీ ఉద్యమానికి నాంది పలికారు. చేనేతతో పాటు నాణ్యతకు కూడా ఇది హామీ.

ఖాదీ మార్క్: చేతితో వడికిన నూలును చేతితో నేశారని అర్థం. చేనేతకూ ఖాదీకీ తేడా ఇక్కడే ఉంది. చేనేతలో మిల్లు నూలు వాడొచ్చు, ఖాదీలో వాడకూడదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి, రాట్నం మీద సన్నటి నూలు తీసే పద్ధతి ఇందుకు పేరుపొందిన ఉదాహరణ.

సిల్క్ మార్క్: కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో 2004లో వచ్చింది. పట్టు స్వచ్ఛమైనదని చెబుతుంది. చేతిమగ్గమా, మరమగ్గమా అన్నది చెప్పదు. పట్టుచీరకు సిల్క్ మార్క్, హ్యాండ్లూమ్ మార్క్ రెండూ ఉన్నాయా అని చూసుకోవాల్సింది అందుకే.

భౌగోళిక గుర్తింపు (జీఐ): ఆ పేరు ఆ ప్రాంతానికి చెందినదని చట్టం ఇచ్చే రక్షణ. పోచంపల్లి ఇకత్, ఉప్పాడ జాందానీ, మంగళగిరి, వెంకటగిరి, గద్వాల చీరలు, శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీలకు ఇది ఉంది. ఊరి పేరుకు రక్షణ దొరికినంత మాత్రాన ఆ ఊళ్లో నేసే ప్రతి ఇంటికీ మంచి కూలి దొరికినట్టు కాదు.

గాట్స్: సేంద్రియ వస్త్రాలకు అంతర్జాతీయ ప్రమాణం. కనీసం 70 శాతం సేంద్రియ పోగు ఉండాలి. ‘సేంద్రియం’ అన్న పూర్తి గుర్తింపుకు 95 శాతం ఉండాలి. అద్దకం రసాయనాలు, వ్యర్థజలాలు, కార్మికుల పరిస్థితులకు కూడా ఇందులో నిబంధనలున్నాయి. ఉన్నవాటిలో ఇదే విస్తృతమైనది. అయినా 2020లో దాదాపు 20 వేల టన్నుల భారతీయ పత్తికి నకిలీ పత్రాలు సృష్టించి సేంద్రియమని చూపినట్టు ఆ సంస్థే బయటపెట్టింది. లేబుల్ మీద లైసెన్స్ నంబర్ ఉంటే దాన్ని సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూడవచ్చు. నంబర్ లేకుండా ‘ఆర్గానిక్’ అని మాత్రమే రాసి ఉంటే అది ప్రకటన కింద లెక్క.

ఓకో-టెక్స్: తయారైన బట్టలో హానికర రసాయనాల అవశేషాలు పరిమితిలోనే ఉన్నాయని పరీక్షించి ఇచ్చేది. పసిపిల్లల బట్టలకు ఉపయోగపడుతుంది. పత్తి సేంద్రియమా కాదా అన్నదానితో దీనికి సంబంధం లేదు.

పట్టులో ఇంకో ప్రశ్న కూడా ఉంది. తెగని పోగు కావాలంటే లోపలి ప్యూపా బయటికి రాకముందే పట్టుగూళ్లను ఆవిరిలోనో వేడినీళ్లలోనో ఉడికించాలి. ఇది ఇష్టం లేనివారి కోసం పురుగు బయటికి వెళ్లాక గూడు నుంచి నూలు వడికే ‘అహింసా పట్టు’ ఉంది. ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్య దీనికి పేరు తెచ్చారు. పోగు తెగి ఉంటుంది కాబట్టి మెరుపు తక్కువ, ధర ఎక్కువ.

కంటితో, వేలితో, దారంతో

ముద్ర లేని బట్టను కూడా కొంతవరకు పరీక్షించవచ్చు.

ఇకత్‌లో నేయకముందే దారాలను కట్టి రంగు అద్దుతారు. అందుకే డిజైన్ రెండు వైపులా దాదాపు ఒకే గాఢతతో కనిపిస్తుంది, అంచులు కాస్త అలుక్కుపోయినట్టు ఉంటాయి. వెనక్కి తిప్పితే రంగు పాలిపోయి కనిపిస్తే, గీతలు కత్తిరించినట్టు ఉంటే, అది ఇకత్‌లా అచ్చువేసిన గుడ్డ. కలంకారీ పేరుతో అమ్మేవాటిలోనూ స్క్రీన్ ప్రింట్లు చాలా ఉన్నాయి. గజాల కొద్దీ డిజైన్ ఎక్కడా పిసరంత తేడా లేకుండా వస్తే అనుమానించాలి.

అంచు వెంట సూది రంధ్రాలు ఉంటే చేనేతే అని దుకాణాల్లో చెబుతుంటారు. నేసేటప్పుడు గుడ్డ వెడల్పు ముడుచుకోకుండా బిగించే బద్ద వల్ల ఆ రంధ్రాలు పడతాయి. మరమగ్గం మీద కూడా అలాంటి ఏర్పాటు ఉంటుంది కాబట్టి ఆ ఒక్క గుర్తుతో నిర్ణయించకూడదు.

పోగు ఏదో తేల్చడానికి పాత పద్ధతి ఒకటుంది. అంచు నుంచి రెండు మూడు దారాలు లాగి, పట్టకారుతో పట్టుకుని, నీళ్లు దగ్గర పెట్టుకుని కాల్చాలి. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది. పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేసి, వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మారుతుంది. మిశ్రమ నూలులో రెండు లక్షణాలూ కనిపిస్తాయి.

మరమగ్గం శత్రువా?

కాదు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కింద చీర, పంచె, తువ్వాలు, లుంగీ, దుప్పటి వంటి 11 రకాల వస్త్రాల్లో నిర్దేశించిన కొన్నింటిని మరమగ్గాలపై నేయకూడదు. అయినా మరమగ్గం గుడ్డను చేనేత పేరుతో, చేనేత ధరకు అమ్మడం ఆగలేదు. తప్పు ఆ మోసంలో ఉంది. సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసేవారు కూడా కూలి మీద బతికే కార్మికులే. మరమగ్గం గుడ్డను మరమగ్గం గుడ్డగా, దాని ధరకు కొనుక్కోవడంలో తప్పేమీ లేదు.

చేనేతను ప్రత్యేకంగా ఎందుకు ఎంచుకోవాలో మాత్రం తెలియాలి. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షల మందికి పైగా నేతలో, దాని అనుబంధ పనుల్లో ఉన్నారు. వారిలో 70 శాతానికి పైగా మహిళలు. దాదాపు మూడింట రెండొంతుల కుటుంబాల నెల ఆదాయం ఐదు వేల రూపాయల లోపే. చేతిమగ్గానికి కరెంటు అక్కర్లేదు, ఇంట్లోనే పని. ఆ పని నిలబడితే ఊరు వదిలి వలసపోయే అవసరం తగ్గుతుంది.

ఆ మహిళల పని చాలావరకు లెక్కలోకి రాదు. పోచంపల్లి తరహా చీరకు నూలును ఆసు పోయాలంటే చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. తన తల్లి భుజం నొప్పి చూసి చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చీర ధరలో బేరమాడేటప్పుడు మనం తగ్గించమంటున్నది చాలాసార్లు ఇలాంటి కూలినే.

ఎక్కడ కొనాలి, ఏం అడగాలి?

నేసినవారికి, కొన్నవారికి మధ్య చేతులు తగ్గేకొద్దీ నేసినవారి వాటా పెరిగే అవకాశం ఉంటుంది. చేనేత సహకార సంఘాలు, ఆంధ్రప్రదేశ్‌లో ఆప్కో, తెలంగాణలో టెస్కో, ఎగ్జిబిషన్లలో నేతకారులే పెట్టే స్టాళ్లు ఇందుకు తేలికైన దారులు. తమిళనాడులోని కో-ఆప్టెక్స్ నేసినవారి పేరు, ఫొటో ఉన్న కార్డును చీరలకు జతచేసే పద్ధతి తెచ్చింది. ఎక్కడ కొన్నా ఈ నాలుగు ప్రశ్నలు అడగవచ్చు.

1. ఇది ఏ ఊళ్లో నేశారు? ఏ సంఘం లేదా ఎవరి దగ్గర తెచ్చారు?
2. పడుగు, పేక రెండూ నూలేనా? రెండూ పట్టేనా?
3. చేతిమగ్గమైతే బిల్లు మీద ఆ మాట రాసి ఇస్తారా?
4. మొదటి ఉతుకులో రంగు పోతుందా? పోతే తిరిగి తీసుకుంటారా?

మూడో ప్రశ్న చాలా ముఖ్యం. నోటితో ఎంతైనా చెప్పే దుకాణదారు బిల్లు మీద రాయడానికి వెనకాడితే విషయం అర్థమైనట్టే. బిల్లు ఉంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి ఆధారం ఉంటుంది.

చేనేత అనగానే పట్టుచీరతో మొదలుపెట్టక్కర్లేదు. తువ్వాళ్లు, లుంగీలు, దుప్పట్లు, మంగళగిరి నూలు డ్రెస్ మెటీరియల్ రోజూ వాడేవి. ధర కూడా మధ్యతరగతికి అందేదే. ఏడాదికి ఒక్క పెద్ద చీర కన్నా, ఏడాది పొడవునా వాడే ఇలాంటివి మగ్గానికి నిలకడైన పని ఇస్తాయి.

పిల్లల బట్టలు, ఉతుకు, రఫ్ఫు

పిల్లలు త్వరగా ఎదుగుతారు. వారికి ఖరీదైన సేంద్రియ దుస్తులు కొనడం కన్నా అన్న చొక్కా తమ్ముడికి, అక్క గౌను చెల్లికి వేయడమే ఎక్కువ మేలు. పలుమార్లు ఉతికిన నూలు మెత్తబడుతుంది, విడిపోయే రంగు చాలావరకు అప్పటికే పోయి ఉంటుంది. పసిబిడ్డకు పాత నూలు చీర పరిచిన మన పెద్దల అలవాటులో ఈ ఎరుక ఉంది. కుట్టిస్తే లోపల గుడ్డ ఎక్కువ వదలమని టైలర్‌కు చెబితే రెండేళ్లు అదనంగా వస్తుంది. స్కూల్ యూనిఫాం మనం ఎంచుకునేది కాదు కాబట్టి, పెద్ద తరగతికి వెళ్లిన పిల్లల నుంచి మార్చుకునే ఏర్పాటు తల్లిదండ్రులు చేసుకోవచ్చు.

ఉతికే తీరును బట్టి బట్ట ఆయుష్షు ఉంటుంది. రంగు నూలును మొదటి రెండు మూడుసార్లు విడిగా, చన్నీళ్లలో ఉతకాలి. తిరగేసి నీడలో ఆరేయాలి. సింథటిక్ దుస్తులను అవసరమైనప్పుడే, మెషీన్ నిండుగా వేసి, చన్నీళ్లలో ఉతికితే పోగులు తక్కువ రాలతాయి. పట్టుచీరను నూలు గుడ్డలో చుట్టి, కొన్ని నెలలకోసారి మడత మార్చాలి.

చిన్న చిరుగుకు రఫ్ఫు, ఊడిన గుండీకి సూది దారం చాలు. ఇంట్లో అందరూ నేర్చుకోవాల్సిన పని ఇది, ఆడపిల్లలకే పరిమితం కాదు.

చివరికి ఎక్కడికి పోతాయి?

పాత చీరలకు స్టీలు గిన్నెలు ఇచ్చేవారు ఇప్పటికీ కొన్ని వీధుల్లోకి వస్తారు. వారు తీసుకున్నవి బాగుచేసి మళ్లీ అమ్ముతారు. హరియాణాలోని పానిపట్‌కు దేశవిదేశాల నుంచి పాత బట్టలు చేరతాయి. అక్కడ వాటిని చీల్చి, మళ్లీ నూలుగా వడికి, చవక దుప్పట్లు నేస్తారు. ఆ దుమ్ములో పనిచేసేవారి ఊపిరితిత్తుల గురించి కూడా ఆలోచించాలి. పాతదాన్ని కొత్తగా మార్చే పని కూడా ఉచితంగా జరగదు.

1999లో అంశు గుప్తా ప్రారంభించిన గూంజ్ వంటి సంస్థలు నగరాల నుంచి బట్టలు సేకరించి గ్రామాలకు చేరుస్తాయి. ఇచ్చే ముందు ఉతికి, గుండీలు కుట్టి, జత విడిపోకుండా ఇవ్వాలి. చిరిగినవి దానం చేస్తే చెత్త చోటు మారుతుంది, అంతే. తొడుక్కోలేని నూలు బట్టలకు ఇంట్లోనే పని ఉంది: బొంత, సంచి, తుడుపుగుడ్డ.

ఒక కుటుంబం ఎలా మొదలుపెట్టవచ్చు?

అన్నీ ఒకేసారి మార్చలేం. దసరాకో, ఉగాదికో కొనే ముందు ఒక గంట బీరువా ముందు కూర్చుని, ఏడాదిగా తొడుక్కోనివి పక్కన పెట్టి, వాటిలో బాగుచేసుకోగలిగినవి, ఇవ్వగలిగినవి విడదీస్తే చాలు. నిజంగా అవసరమైనవి నాలుగో ఐదో తేలతాయి. వాటిలో ఒక్కదాన్ని ఎక్కడ, ఎవరు నేశారో అడిగి తెలుసుకుని కొనాలి. మిగిలినవి బడ్జెట్‌ను బట్టి కొనుక్కోవచ్చు.

ఎవరో కూలి కోల్పోకుండా, ఏదో నది రంగు మారకుండా తయారైన బట్ట అని ఏ ఒక్క ముద్రా పూర్తి హామీ ఇవ్వదు. తక్కువ కొని, ఎక్కువ కాలం తొడుక్కుని, కొన్నప్పుడు అడగడం ఒక్కటే ఇంటి చేతిలో ఉన్నది. అడిగేవారు పెరిగితే దుకాణదారు కూడా తాను తెచ్చే చోట అడగడం మొదలుపెడతాడు.